పిల్లలతో కలిసి మా అమ్మ చీరల బొంత కుట్టాం

పోయిన వేసవి సెలవుల్లో మొదలుపెట్టి సంక్రాంతికి ముగించిన పని ఇది. మా అమ్మ చీరలతో బొంత కుట్టాను, అది కూడా నా మనవరాళ్ళనీ మనవడినీ పక్కన కూర్చోబెట్టుకుని. ఇప్పుడు పెద్దపిల్లా, మనవడూ నేను చెప్పకుండానే సూది పడుతున్నారు, చిన్నదానికి ఇంకా ఆరేళ్ళే కాబట్టి దానికి టైముంది. మీ ఇంట్లో కూడా పాత నూలు చీరలు అటక మీద మూటగా పడి ఉండి, సెలవులకు వచ్చే పిల్లలుంటే, మాకు ఎలా కుదిరిందో చదవండి, ఎక్కడో ఒకచోట పనికొస్తుంది.

మాది గుంతకల్లు. నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే చేలల్లో పని ఉండేది కాదు, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్ళంతా వేపచెట్టు కింద బొంత పరుచుకుని కూర్చునేవాళ్ళు. ఒక బొంతకు నాలుగు వైపులా నలుగురు, ఈ రోజు మా ఇంటిది, రేపు పక్కింటిది. చేతకానివాళ్ళు, తీరిక లేనివాళ్ళు ఊళ్ళ మీద తిరుగుతూ బొంతలు కుట్టిపెట్టే ఆడవాళ్ళకి ఇచ్చేవాళ్ళు, వాళ్ళు ఇంటి ముందే కూర్చుని కుట్టి, డబ్బులో జొన్నలో తీసుకుని పోయేవాళ్ళు. మా అమ్మ మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. ఆమె కుట్టు బియ్యపు గింజంత ఉండేది, వరస చివరిదాకా అదే కొలత. తర్వాత రంగురంగుల రగ్గులు వచ్చాయి, పరుపులు వచ్చాయి, ఏసీ గదుల్లోకి కంఫర్టర్లు వచ్చాయి, బొంత పరిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. నా కూతురూ కొడుకూ చదువుల్లో, ఉద్యోగాల్లో పడ్డారు, వాళ్ళ చేతికి ఈ పని అందలేదు. మనవల చేతికైనా అందాలని నాకు గట్టిగా ఉండేది.

అమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె నా దగ్గరికి వచ్చింది. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో పెట్టుకోకూడదు, ఎవరికైనా ఇచ్చెయ్యి అని మా బంధువులావిడ ఒకరు రెండుమూడు సార్లు అన్నారు. పట్టుచీరలు, కాస్త కొత్తగా ఉన్నవి ఇచ్చేశాను. మెత్తబడిపోయిన నూలు చీరలు మాత్రం ఇవ్వలేదు. ఒకరు ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి, ఎండేసి మెత్తబరిచిన గుడ్డని వాళ్ళ మనవల ఒంటిమీద కప్పితే అది దోషం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పుట్టిన బిడ్డకు కూడా మనవాళ్ళు మొదట కొత్తబట్ట వెయ్యరు, ఇంట్లో పెద్దవాళ్ళ పాత నూలుగుడ్డలోనే చుడతారు. ఆమె ఆ మాట అన్నప్పుడు నేనూ ఈ మాటే చెప్పాను.

సెలవులకు ముగ్గురూ వచ్చారు. కూతురి పిల్లలు ఇద్దరు బెంగళూరు నుంచి, పెద్దది ఇంటర్ పరీక్షలు రాసి వచ్చింది, వాడు ఆరో తరగతి. కొడుకు కూతురు చిన్నది, హైదరాబాదు నుంచి. వాళ్ళని పిలిచి "రండి, కుట్టు నేర్పిస్తా" అని నేను అనలేదు. ట్రంకు పెట్టె వసారాలోకి లాగి, మూత తీసి, చీరలన్నీ చాప మీద పోశాను. "అవ్వా, ఇవన్నీ పెద్దవ్వవేనా?" అంటూ పెద్దది వచ్చి కూర్చుంది, దాని వెనకే మిగతా ఇద్దరూ. ఎవరికైనా నేర్పాలనుకునేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే: సూదీ దారంతో మొదలుపెట్టకండి, గుడ్డతో మొదలుపెట్టండి. తెల్లగుడ్డ మీద గీత గీసి దాని మీద కుట్టమంటే పిల్లలకు అది హోంవర్క్. తమకు తెలిసిన మనిషి కట్టిన చీర చేతికిస్తే ఆ కథే వేరు.

మొదటి పని నూలు ఏది, కానిది ఏది అని వేరు చెయ్యడం. బొంతకు నూలే కావాలి. పాలియెస్టర్ చెమట పీల్చదు, పైగా పొర మీద పొర జారిపోతుంది, ఎంత కుట్టినా లోపల ముడతపడుతుంది. పాత పట్టు అయితే మడతల దగ్గర చిరుగుతుంది. చూడ్డానికి నూలులా ఉండి కలిపి నేసినవి కూడా కొన్ని ఉంటాయి. దానికి అమ్మ చేసే పరీక్షే చేశాం. చీర అంచు నుంచి ఒక్క పోగు లాగి, ఇనుప పెనం మీద పెట్టి నిప్పంటించాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలియెస్టరైతే కరిగి ముడుచుకుని నల్లటి గట్టి పూస అవుతుంది, ప్లాస్టిక్ వాసన. అగ్గిపుల్ల నా చేతిలోనే, పిల్లలకి ఇవ్వలేదు. కానీ పోగులు లాగడం, వాసన చూసి చెప్పడం వాళ్ళ పని. మావాడైతే ఆ సాయంత్రానికి ఇంట్లో ఉన్న కర్టెన్లు, తువ్వాళ్ళు, వాళ్ళ తాత పంచె, తన క్రికెట్ జెర్సీ, అన్నిటి పోగులూ లాక్కొచ్చాడు. జెర్సీ కరిగిపోయిందని చాలాసేపు బాధపడ్డాడు, అది కూడా బొంతలో ఉండాలని వాడి కోరిక.

తర్వాత ఫాల్స్ విప్పడం. చీర కింది అంచుకు కుట్టించిన ఫాల్ ఉంటుంది కదా, దాన్ని కుట్టు తెంపి జాగ్రత్తగా ఊడదీశాం. చాలామంది దాన్ని పారేస్తారు. బెత్తెడు వెడల్పున, చీర పొడుగులో సగం దాకా వచ్చే గట్టి నూలుగుడ్డ అది, బొంత నాలుగు అంచులకూ గోటు కుట్టడానికి అంతకంటే మంచిది దొరకదు. విప్పేటప్పుడే పిల్లలకు కుట్టు ఎలా పోతుందో తెలిసిపోతుంది, పైన ఎంత కనిపించాలి, కింద ఎంత పట్టాలి అని. కుట్టడం నేర్పేముందు విప్పడం ఇవ్వడం నాకు బాగా నచ్చిన పద్ధతి, తప్పు పోతుందేమో అనే టెన్షన్ ఉండదు, వేళ్ళు మాత్రం అలవాటు పడతాయి.

గంజి పోయేదాకా అన్నిటినీ వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి మిద్దె మీద ఎండేశాం. అనంతపురం ఎండ గురించి చెప్పేదేముంది, ఉతికిన చీర అరగంటలో ఆరిపోయేది. ఈ ఉతుకు ఎగ్గొట్టొద్దు. గంజి ఉన్న గుడ్డలోకి సూది సరిగ్గా దిగదు, పైగా కొత్తదీ పాతదీ కలిపి ఉతక్కుండా కుడితే మొదటి ఉతుకులోనే కొత్తది కుంచించుకుపోయి బొంత మొత్తం గుంజుకుపోతుంది.

ఇక లెక్క. మామూలు చీర అయిదున్నర మీటర్లు. దాన్ని మూడు మడతలు వేస్తే దాదాపు 6 అడుగుల పొడుగు, 45 అంగుళాల వెడల్పు, ఒక మనిషి కప్పుకునే కొలత అచ్చంగా. అంటే ఒక్క చీరతోనే మూడు పొరలు వచ్చేస్తాయి. దాని మీద ఒక దుప్పటి వేశాం, ఎమ్మిగనూరు దుప్పటి, మా అమ్మ ఇల్లంతా అవే ఉండేవి. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టాక మా వైపు ఇళ్ళలో ఎమ్మిగనూరు దుప్పటి లేని మంచం ఉండేది కాదని అమ్మ చెప్పేది. అరిగి పల్చబడ్డా చిరగలేదు ఆ దుప్పటి. ఈ నాలుగు పొరల మీద అయిదోది ముక్కల పొర, అదే పైకి కనిపించేది.

అమ్మ బొంతల్లో పైపొర కూడా నిండు చీరే ఉండేది, చిరిగినచోట మాత్రం అతుకు. ముక్కలు కలిపి వెయ్యాలన్నది పెద్దదాని ఆలోచన. మా చెల్లెల్ని బళ్ళారి వైపు ఇచ్చాం, అక్కడ కౌదులని కుడతారు, రకరకాల ముక్కలు పరిచి పట్టీపట్టీగా. చిన్నప్పుడు పిన్నవ్వ ఇంట్లో చూసిన కౌది దానికి గుర్తుంది. ఒకే చీర వేస్తే పెద్దవ్వ చీరలు మిగతావన్నీ లోపలే ఉండిపోతాయి, ఎవరికీ కనపడవు అంది. ఆ మాట నాకు బాగా తగిలింది, సరే అన్నాను.

ముక్కల లెక్క మావాడి చేతికిచ్చాను. అట్టపెట్టె మూత కత్తిరించి 5 అంగుళాల చదరం చేశాడు. నాలుగు వైపులా అర అంగుళం కుట్టులోకి పోతుంది, పైకి 4 అంగుళాలు కనిపిస్తుంది. పొడుగుకు 18, అడ్డానికి 11, మొత్తం 198 ముక్కలు. లెక్కలంటే వాడికి అంత ఇష్టం ఉండదు, కానీ ఇది మాత్రం నోటుబుక్కులో గళ్ళు గీసుకుని ఏ చీర ముక్క ఎక్కడ రావాలో రంగు పెన్సిళ్ళతో నింపుకున్నాడు. కుట్టు దగ్గర వీసమెత్తు తేడా వస్తే ఏమవుతుందిలే అన్నాడు ఒకసారి. ఒక్కో ముక్కకి అంగుళంలో ఎనిమిదో వంతు పోతే 18 ముక్కల వరస చివర రెండు అంగుళాలకు పైగా పోతుందని వాడి చేతనే లెక్క కట్టించాను. ఆ తర్వాత స్కేలు లేకుండా గుడ్డ ముట్టుకోలేదు.

కత్తెర కంటే చింపడం మేలని కూడా ఇక్కడే చెప్పాలి. నేత నూలుచీరకు అంచున చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే పోగు వెంబడి నిట్టనిలువుగా చిరిగిపోతుంది, కత్తెరతో అంత తిన్నగా ఎవరికీ రాదు. ఆ చిరుగుడు చప్పుడుకి చిన్నది చప్పట్లు కొట్టేది. పట్టీలుగా చింపుకున్నాక ముక్కలు మాత్రం అట్ట పెట్టి కత్తిరించాం.

ముక్కలు కలపడం పెద్దది కొంత మిషన్ మీద చేస్తానంది, వద్దనలేదు. ఇంట్లో తొక్కుడు మిషన్ ఉంది, నాలుగు వరసలు దాని మీద కలిపింది, మిగతావి చేత్తో. చేత్తో కుడితేనే బొంత అని పట్టుపట్టేవాళ్ళు ఉంటారు, నాకు ఆ పట్టింపు లేదు. ముక్కలు ఎలా కలిపినా పొరలన్నీ కలిపి కుట్టేది చెయ్యే.

అసలు సమయమంతా పోయింది చీరలు ఏరుకునే దగ్గర. ప్రతి చీర చేతిలోకి తీసుకోగానే ఒక ప్రశ్న. ఆకుపచ్చ గళ్ళ చీర, అమ్మ శనగకాయలు ఒలిచేటప్పుడు కట్టుకునేది, కొంగునిండా మట్టి ఉండేది. మేం శనగకాయలు ఎన్ని ఎకరాలు వేసేవాళ్ళం, వాన రాని ఏడు ఏం తినేవాళ్ళు, అంటూ అక్కడ నుంచి మాటలు ఎటో పోయేవి. కుంకుమరంగు వెంకటగిరి చీర, మా పెళ్ళిళ్ళకు తప్ప కట్టేది కాదు, అందుకే గట్టిగా ఉంది. నీలం చీర మీద పసుపు మరక, ఎన్ని ఉతుకులు ఉతికినా పోనిది, నా కూతురు పుట్టి నాకు పురుడు పోసినప్పటిది. "అంటే అమ్మ పుట్టినప్పటిదా?" అని అక్కాతమ్ముళ్ళిద్దరూ మరక మీద చెయ్యి పెట్టి చూశారు. ఆ మరక ముక్కని వాడు తన నోటుబుక్కులో నక్షత్రం గుర్తు పెట్టి మధ్యలో వేసుకున్నాడు.

చిన్నది ఇంకోటి కనిపెట్టింది. ఒక వంగపండు రంగు చీరలో చిన్న చిరుగు, దాన్ని అమ్మ అదే రంగు పోగుతో, చేత్తో తడిమితే తప్ప తెలియనంత సన్నగా కుట్టుకుంది. "జేజీ, ఇక్కడ ఏదో ఉంది" అని నా వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఆ చీర చివరి రోజుల్లోది, అప్పటికి అమ్మ చూపు బాగా తగ్గింది. పెద్దది ఆ చోటు నలగకుండా చుట్టూ కొలిచి ముక్క తీసింది, ఆ కుట్టు సరిగ్గా చదరం నడుమ వచ్చేలా.

పరిచే రోజు మిద్దె మీద తెల్లవారుజామునే పని పెట్టుకున్నాం, ఎండెక్కితే గచ్చు మీద కాళ్ళు పెట్టలేం. ముందు మూడు మడతల చీర, దాని మీద దుప్పటి, దాని మీద ముక్కల పొర. నాలుగు మూలలా నలుగురం పట్టుకుని లాగి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమురుతూ ముడతలు బయటికి తోసేశాం. మూలల మీద గుండ్రాళ్ళు పెట్టాం. అప్పుడు కచ్చా కుట్టు, అంటే తర్వాత తీసేసే పెద్దపెద్ద కుట్లు, మధ్యలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, ఆ తర్వాత జానెడు జానెడు దూరాన మిగతావి. ఈ పని విసుగ్గా ఉంటుంది, కానీ ఇది సరిగ్గా కుదిరితే బొంతని మడిచి ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు, ఒళ్ళో పెట్టుకుని కుట్టొచ్చు, పొర కదలదు.

దారం గట్టి నూలుదారం తీసుకుని, మైనం ముద్ద మీద లాగి వాడాం, మైనం పడితే దారం చిక్కుపడదు, పొరల్లోకి జారుగా దిగుతుంది. సూది బస్తాలు కుట్టే దబ్బనం అంత లావు అక్కర్లేదు, కన్ను పెద్దదిగా ఉండి పొడుగ్గా ఉంటే చాలు. దారం చేతి పొడుగు కంటే ఎక్కువ తీసుకోవద్దు. ముడి పైకి కనపడకుండా లోపలి పొరలోకి లాగెయ్యాలి, ఈ ఒక్కటి నేర్చుకోవడానికి పిల్లలకు కాస్త సమయం పట్టింది.

చిన్నదానికి సూదుల్లో దారం ఎక్కించే ఉద్యోగం ఇచ్చాను. నా కళ్ళకు అది ఇప్పుడు కష్టం, దాని కళ్ళకు ఆట. పొద్దున్నే పది సూదుల్లో దారం ఎక్కించి దిండుకి వరసగా గుచ్చిపెట్టేది. లేచేటప్పుడు ఆ పదీ లెక్క సరిపోవాలి, సరిపోకపోతే ఎవరూ కదలకూడదు, ఇది మా ఇంట్లో చట్టం. నేల మీద పిల్లలు తిరిగే ఇల్లు, సూది తప్పిపోతే ఊరుకోవడానికి లేదు. మావాడు పాడైపోయిన స్పీకర్‌లోంచి అయస్కాంతం ఊడదీసి తాడు కట్టి పెట్టుకున్నాడు, సూది పడిందంటే అది పట్టుకుని వచ్చేవాడు. దీపాలు పెట్టాక సూది పట్టకూడదని అమ్మ అనేది, మేమూ పాటించాం. ఎందుకని పిల్లలు అడిగితే, బుడ్డిదీపం వెలుతురులో కళ్ళు పోతాయి, సూది పడితే కనపడదు, పెద్దవాళ్ళు అందుకే పెట్టి ఉంటారు అని నాకు తోచింది చెప్పాను.

రోజుకు అరగంట, మహా అయితే ముప్పావుగంట. అంతకు మించి నేను కూర్చోనివ్వలేదు. ఇంకా కుడతాం అన్నప్పుడే ఆపేస్తే మర్నాడు వాళ్ళే వచ్చి బొంత పరుస్తారు. ఫోన్లు లాక్కోలేదు కూడా. పెద్దది పాటలు పెట్టేది, కొన్నిసార్లు బొంతల వీడియోలు వెతికి చూపించేది. అలా చూసిందే సిద్దీల బొంతల సంగతి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఎల్లాపూర్, హళియాళ్ వైపు, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ వంశాల ఆడవాళ్ళు వీటిని కుడతారు. మనం మధ్య నుంచి అంచుకు పోతే వాళ్ళు మూల దగ్గర మొదలుపెట్టి ముక్కలు వేసుకుంటూ, చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. చివరికి నాలుగు మూలలా గుడ్డని ముక్కోణంగా మడిచి పువ్వుల్లా కుడతారు, అవి లేకపోతే వాళ్ళకి బొంత పూర్తి అయినట్టు కాదట. మా బొంతకు కూడా మూలల్లో అవి కావాలని పెద్దది పట్టుపట్టింది. పక్క రాష్ట్రంలో అంత అందమైన పని ఉందని నాకు అరవై దాటాక మనవరాలు చూపించింది, మనసు నిండిపోయింది.

కుట్టు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లలు కుట్టింది విప్పకండి. మేం రెండు వేళ్ళ ఎడంతో నిలువు వరసలు గీసుకుని పైకీ కిందికీ పోయే మామూలు కుట్టు వేశాం. పెద్దదాని వరస బాగానే వచ్చింది. మావాడి వరస రెండు అడుగులు పోయేసరికి పక్కకు వాలిపోయింది, ఒక కుట్టు గోరంత, ఇంకోటి వేలంత. చూడ్డానికి వచ్చినావిడ ఒకరు "విప్పించి మళ్ళీ కుట్టించు, లేకపోతే అలాగే అలవాటైపోతుంది" అన్నారు. వాడు నా ముఖం చూశాడు. నేను విప్పనివ్వలేదు. వంకర వరస వల్ల బొంతకు ఏ నష్టమూ లేదు, పొరలు పట్టి ఉంటే చాలు. మరీ పొడుగు కుట్టు మాత్రం కాలివేలికి తగులుకుని తెగుతుంది, అలాంటి చోట దాని పక్కనే ఇంకో వరస వేయించాను, విప్పకుండానే సరిపోయింది. పదో వరసకు వచ్చేసరికి వాడి కుట్టు వాడికే చక్కబడింది. ఇప్పుడు ఆ బొంత చూస్తే వాడు ఎక్కడ మొదలుపెట్టాడో, చెయ్యి ఎక్కడ తిరిగిందో వరసవరసగా తెలుస్తుంది, వచ్చినవాళ్ళందరికీ అది వాడే చూపిస్తాడు.

సెలవులు అయిపోయేసరికి సగం కూడా కాలేదు. మిగతాది నేను కుట్టి పంపనా అంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. బొంతని చుట్టి బెంగళూరు పంపించాను, పెద్దది కాలేజీలో చేరి కూడా ఆదివారాలు కూర్చుందట, వీడియో కాల్‌లో చూపించి "అవ్వా, ఇక్కడ ఉబ్బింది, ఏం చెయ్యను?" అని అడిగేది. దసరాకు మళ్ళీ గుంతకల్లు వచ్చింది బొంత, వాళ్ళతోపాటు. ఈ రాకపోకల్లో నాకు ఊహించనిది ఇంకోటి జరిగింది. నా కూతురు, సూది పట్టని మనిషి, పిల్లలు నిద్రపోయాక రాత్రిళ్ళు కూర్చుని రెండు వరసలు కుట్టిందట. ఏ వరసలో చెప్పలేదు. కుట్టు చూసి నేను కనుక్కున్నాను, అది చిన్నప్పుడు నా పక్కన కూర్చుని ఎంతో కొంత చూసే ఉంటుంది.

సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడు అంచులు వేశాం. ఫాల్స్‌ని రెండుగా మడిచి నాలుగు వైపులా గోటు, మూలల్లో పువ్వులు, కచ్చా కుట్లు తెంపి లాగెయ్యడం. కచ్చా కుట్లు లాగే పని చిన్నదానికి ఇచ్చాం, ఒక్కో దారం సర్రున వచ్చేస్తుంటే దాని సంతోషం చూడాలి. ఒక మూల కిందివైపు నలుగురి పొడి అక్షరాలూ ఎర్రదారంతో కుట్టాం, మా అమ్మది కలిపి అయిదు. బొంత పెద్దదానికే ఇచ్చాం, హాస్టల్‌కి తీసుకెళ్ళింది. ఉతకడం గురించి చెప్పి పంపాను: ఏటా ఒకటి రెండు సార్లు చాలు, మామూలుగా నీరెండలో ఆరేసి దులపడమే, వాడని నెలల్లో పెట్టెలో వేపాకు ఎండబెట్టి వెయ్యి, తడి ఆరకుండా మాత్రం మడవొద్దు అని.

మా మేనకోడలికి ఏడో నెల అని తెలిశాక పిల్లలే పసిబొంత మొదలుపెట్టారు. దానికి నియమాలు వేరు. జరీ అంచు వద్దు, ఒరుసుకుంటుంది. అద్దాలు, పూసలు, గుండీలు ఏవీ వద్దు. రెండు మూడు పొరలే, పల్చగా, రోజూ ఉతికినా ఆరిపోయేట్టు. కుట్టు దగ్గరదగ్గరగా ఉండాలి, పసివాళ్ళ వేలు అందులో దూరకూడదు. వాళ్ళ తాత పాత పంచె ఇచ్చారు, అంతకు మించిన మెత్తన లేదు. బీహార్‌లో పుట్టిన బిడ్డల కోసం ఇలాగే పాత చీరలు పొరలుగా పెట్టి సుజని అని కుడతారని పెద్దది చెప్పింది. మావాడు అందులో చేప బొమ్మ కుట్టాలని చూస్తున్నాడు, బొమ్మ గీశాడు, నాకు నచ్చింది.

ఇప్పుడు ఫోన్‌లో కొత్త వాదన నడుస్తోంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చోట నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకున్న పాత ప్యాంట్లు, చొక్కాలు చింపి కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో పెట్టారని, 2006లో వాళ్ళ దేశం పోస్టల్ స్టాంపులు కూడా వేసిందని పెద్దది ఫోటోలు పంపింది. అవి చూసి మావాడు తన పాత జీన్స్ అన్నీ పోగేసి, పెద్దవ్వ చీరల్లో మిగిలినవి కలిపి తనకో బొంత కావాలంటున్నాడు. మందపు జీన్స్‌నీ అరిగిన చీరనీ పక్కపక్కన కలిపితే జీన్స్ బరువుకు చీర కుట్టు దగ్గర చిరిగిపోతుందని చెప్పాను. జీన్స్ అంతా పైపొర, చీరలన్నీ అడుగుపొర వేద్దామని వాడే అన్నాడు, అది కుదురుతుంది. చీర మెత్తన ఒంటివైపు ఉంటుంది. దానికి దబ్బనమే కావాలి, వేలికి గట్టి తొడుగు కావాలి, రెండూ తెప్పించి పెట్టాను. జీన్స్ ఉతికి, జిప్పులు, గుండీలు ఊడదీసి వేసవికి తీసుకురమ్మని చెప్పాను. క్రికెట్ జెర్సీ కూడా తెస్తానంటున్నాడు, దాని బొమ్మ ఒక్కటి కత్తిరించి పైన అతుకు వేద్దామని ఒప్పుకున్నాను.